మెరిసే చెంబు, కనిపించని గ్లాసు: స్టిల్ లైఫ్‌కి ఏ వస్తువు, ఏ వెలుగు, ఏ కాగితం?

స్టిల్ లైఫ్ అంటే కదలని వస్తువుల్ని ఎదురుగా పెట్టుకుని గీసే బొమ్మ. అందులో స్టీలు చెంబో, గాజు గ్లాసో గీయాలనుకునేవాళ్లు ముందుగా అడిగేది పెన్సిళ్ల గురించి. 6బీ కొనాలా, ఇంకా నల్లటి 8బీ కొనాలా, చార్‌కోల్ (బొగ్గు) మంచిదా అని. అక్కడ మొదలుపెడితే బొమ్మ కుదరదు. మెరిసే వస్తువు మీద మనకి కనబడేదంతా దాని చుట్టూ ఉన్న గదే: కిటికీ, గోడ, బల్ల మీది గుడ్డ, ఎదురుగా కూర్చున్న మీ తల, మీ ఒళ్లోని అట్ట. ఆ చుట్టుపక్కలని సర్దకుండా ఎంత ఖరీదైన పెన్సిల్ పట్టుకున్నా కాగితం మీదకి వచ్చేది గందరగోళమే. అందుకే ఇక్కడ ముందు వస్తువు, తరవాత వెలుగు, వెనక గుడ్డ, ఆ తరవాతే కాగితం, పెన్సిల్. మొదటి మూడింటికీ ఇంట్లో ఉన్నవి సరిపోతాయి. పైసలు తియ్యాల్సింది చివరి రెండింటికే.

ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు ఉండి సొంతంగా సాధన చేసుకునేవాళ్లని, ముఖ్యంగా ఖల్లికోట ఆర్ట్ కాలేజీకో విశాఖలో బీఎఫ్ఏకో (చిత్రకళ డిగ్రీ) తయారవుతున్న పిల్లల్ని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాం. ఈ ప్రాంతానికి ఒక సౌకర్యం ఉంది. కంచు, ఇత్తడి సామాను ఇళ్లలో ఇంకా వాడుకలో ఉంది. లోహానికీ లోహానికీ తేడా నేర్చుకోవడానికి వంటింటి అలమర చాలు.

వస్తువు: స్టీలుతో మొదలుపెట్టకండి

ఇంట్లో మొదట చేతికి దొరికేది స్టీలు గ్లాసే కాబట్టి అందరూ దాన్నే పెట్టుకుంటారు. అది అన్నిటికంటే కష్టం. స్టీలుకి సొంత రంగు లేదు. తెల్లటి మెరుపు పక్కనే, మధ్యలో ఏ బూడిద ఛాయా లేకుండా, నల్లటి చార వచ్చి కూర్చుంటుంది. కొత్తగా గీసేవాళ్లు ఆ రెండింటినీ వేలితో రాసి కలిపేస్తారు. స్టీలు కాస్తా సిమెంటు గ్లాసవుతుంది.

మొదటి బొమ్మకి పాత సత్తు గిన్నె మేలు. ఏళ్ల తరబడి పీచుతో తోమి తోమి దాని ఒళ్లంతా సన్నటి గీతలు పడి ఉంటాయి. వెలుగు ఆ గీతల్లో చెదిరిపోతుంది కాబట్టి అందులో కిటికీ ఆకారం తెలియదు, అంచులు కరిగిన తెల్లటి మచ్చ ఒకటి కనబడుతుంది. దాని పక్కన ఛాయలు నెమ్మదిగా మారతాయి. గుండ్రని వస్తువుకి మామూలుగా వేసే షేడింగ్‌కీ మెరుపుకీ మధ్య మెట్టు ఇదే. మూత కూడా ఉంటే ఇంకా మంచిది. గుండ్రంగా తోమిన మూత మీద మెరుపు మధ్య నుంచి అంచు దాకా విచ్చుకున్న రెండు విసనకర్రల్లా ఎదురెదురుగా పడుతుంది. గీతలు ఏ దిక్కుగా ఉంటే మెరుపు వాటికి అడ్డంగా సాగుతుంది. ఈ ఒక్క సంగతి పట్టుబడితే తరవాత బ్రష్ ఫినిష్ ఉన్న ఏ లోహమైనా గీయొచ్చు.

రెండోది కంచు, లేదా ఇత్తడి. కంచు అంటే రాగి, తగరం. ఒడియా దుకాణాల్లో కంసా అని అడిగితే చూపిస్తారు. ఇత్తడి అంటే రాగి, జింకు. బొమ్మ వరకూ ఈ రెండింటికీ తేడా రంగులో కంటే ఉపరితలంలో ఎక్కువ. సుత్తితో సాగగొట్టిన కంచు గిన్నెకి చిన్నచిన్న పల్లాలుంటాయి, ఒక్కో పల్లంలో కిటికీ విడిగా ఒక్కో చుక్కగా మెరుస్తుంది. నునుపుగా చెక్కిన ఇత్తడి చెంబులో ఒకటే పెద్ద మెరుపు, చుట్టూ పొడుగాటి పట్టీలు. మొదటిసారి ఇత్తడి చెంబే తేలిక. పల్లాలున్న గిన్నెలో ప్రతి చుక్కనీ గీయాలన్న ఆత్రం పుడుతుంది, దాంతో గిన్నె గుండ్రదనం పోతుంది. పల్లాలని గీసేటప్పుడు మెరుపు దగ్గర ఏడెనిమిది స్పష్టంగా వేసి, దూరం పోయేకొద్దీ మసకపరిచి వదిలెయ్యాలి.

శ్రీకాకుళం జిల్లా బుడితి ఇత్తడి సామాను గానీ, గంజాం జిల్లా బెల్లగుంఠ ఇత్తడి చేప గానీ ఇంట్లో ఉంటే చెయ్యి కుదిరేదాకా అలమరలోనే ఉంచండి. ముఖ్యంగా ఆ చేప. ఒళ్లు వంగేలా ముక్కలు ముక్కలుగా అతికిన వస్తువు అది, ప్రతి ముక్క మీదా మెరుపు వేరు, నీడ వేరు. మైనపు అచ్చుతో పోతపోసే డోక్రా లోహపు బొమ్మల సంగతి మరోటి. మైనపు దారాల అచ్చు పడిన గరుకు ఒళ్లు వాటిది. గీయడానికి బాగుంటాయి గానీ మెరుపు సాధనకి పనికిరావు.

గాజులో మందపాటి అడుగున్న మామూలు గ్లాసు ఎంచుకోండి. పలచటి గ్లాసులో అంచు తప్ప పట్టుకోవడానికి ఏమీ ఉండదు. చెక్కుడు గాజులో పట్టుకోవాల్సినవి మరీ ఎక్కువ. పాత గోలీ సోడా సీసా దొరికితే అది ఇంకా నయం. గాజు దళసరి, కాస్త పచ్చ ఛాయ, మెడ దగ్గర రెండు నొక్కులు, లోపల గోలీ. ఒంటికే ఒక ఛాయ ఉంటుంది కాబట్టి గాజు ఎక్కడుందో మన కంటికి తెలుస్తుంది.

తోమడంలో కూడా ఎంపిక ఉంది. చింతపండుతో తోమిన ఇత్తడి కాస్త ఎర్రబారినట్టు, మెత్తగా మెరుస్తుంది. పీతాంబరి లాంటి పొడితో తోమితే అద్దంలా తేలుతుంది. రెండు మూడు రోజులు పట్టే బొమ్మకి చింతపండు మెరుపే ఎంచుకోండి. గోపాల్‌పూర్ సముద్రపు గాలి తగిలే ఊళ్లలో అద్దంలా తోమిన ఇత్తడి కొద్ది రోజుల్లోనే మసకబారుతుంది, మొదటి రోజు వేసిన ఛాయ మూడో రోజు వస్తువు మీద ఉండదు. తోమాక గుడ్డతోనే పట్టుకోండి. చెమట వేళ్ల ముద్రలు పడితే అవీ గీయాలి.

వెలుగు: కిటికీ, ట్యూబులైటు, బల్బు

మెరుపు ఆకారం వెలుగు ఆకారమే. కిటికీ అయితే వంగిన నలుచదరం, లోపల ఊచల నల్లగీతలతో సహా. ట్యూబులైటు అయితే పొడుగాటి తెల్లచార. ఉట్టి ఎల్ఈడీ బల్బు అయితే ఒక చుక్క.

లోహానికి కిటికీని మించింది లేదు. పెద్ద మెరుపు వస్తుంది, ఆకారం చెబుతుంది, వస్తువు ఎంత వంగిందో ఊచల వంపులోనే తెలిసిపోతుంది. ఉత్తరం వైపు కిటికీ అయితే ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండ నేరుగా పడదు, రెండు మూడు గంటలు ఛాయలు పెద్దగా మారవు. తూర్పు కిటికీ దగ్గర పొద్దున్న కూర్చుంటే గంటలోనే ఎండ జరిగిపోతుంది. అలాంటప్పుడు కిటికీకి పలచటి తెల్ల పంచె కట్టండి. ఊచలు పోతాయి గానీ వెలుగు నిలకడగా ఉంటుంది.

కరెంటు వెలుగులో రాత్రిపూట గీసేవాళ్లు ట్యూబులైటు ఆపేసి ఒకే బల్బు పెట్టుకోవాలి. రెండూ వెలిగితే ప్రతి వస్తువుకీ రెండు మెరుపులు, రెండు నీడలు. ఏది ఏ వెలుగుదో తేల్చుకోలేక బొమ్మ మురికవుతుంది. 9 వాట్ల ఎల్ఈడీ బల్బుని వస్తువుకి ఎడమ పక్కన, కాస్త పైన, రెండు అడుగుల దూరంలో పెట్టి, బల్బుకీ వస్తువుకీ మధ్య అట్ట చట్రానికి బటర్ పేపరు అతికించి నిలబెట్టండి. బటర్ పేపరు ఎంత పెద్దదైతే మెరుపు అంత పెద్దది. ఇంట్లోనే కిటికీ తయారైనట్టు. ఎడమచేతివాళ్లయితే వెలుగు కుడి పక్కన పెట్టుకోవాలి, లేకపోతే చేతి నీడ కాగితం మీద పడుతుంది.

గాజుకి మాత్రం పక్క వెలుగు కంటే వెనక ఏముందన్నదే ముఖ్యం.

గుడ్డ: గాజుకి సగం బొమ్మ ఇక్కడే అయిపోతుంది

ఎదురుగా చూసినప్పుడు గాజు ఒక్కో ఉపరితలం తన మీద పడిన వెలుగులో తిరిగి పంపేది 4 శాతం లెక్క. మిగతాదంతా దాటి వెళ్లిపోతుంది. అంటే గ్లాసు మధ్యభాగం వెనకున్న గుడ్డ ఛాయకి దాదాపు సమానం. ఏటవాలుగా చూసే అంచుల దగ్గర మాత్రం ప్రతిబింబం పెరుగుతుంది, వెలుగు వంగుతుంది. గాజు అని తెలిసేది ఆ అంచుల్లో, మూతి దగ్గర, మందపాటి అడుగులో. మధ్యలో ఏదో షేడింగ్ వెయ్యాలని చెయ్యి దురద పెట్టినా ఆగాలి.

వెనక రెండు రకాలుగా పెట్టుకోవచ్చు. తెల్ల గుడ్డకి వెలుగు కొట్టి గ్లాసుని దాని ముందు పెడితే అంచులు నల్లగా తేలతాయి. నల్ల గుడ్డ పెట్టి వెలుగుని పక్కనుంచి, గుడ్డ మీద పడకుండా పంపితే అంచులు తెల్లగా వెలుగుతాయి. ఫొటోగ్రాఫర్లు సీసాలకి వాడే ఈ రెండు పద్ధతులే బొమ్మకీ పనికొస్తాయి. తెల్ల కాగితం మీద పెన్సిల్‌తో గీసేవాళ్లకి మొదటిది తేలిక. కాగితం తెలుపే వెనక గుడ్డ అవుతుంది, మీరు వేసేది అంచు చీకటి మాత్రమే. రెండోది చూడ్డానికి ఘనంగా ఉంటుంది గానీ నల్లటి నేపథ్యమంతా పెన్సిల్‌తో నింపుతూ సన్నటి తెల్ల అంచుని వదిలిపెట్టడం ఓపిక పరీక్ష. అది చెయ్యాలంటే బూడిదరంగు కాగితమో నల్ల కాగితమో తీసుకోండి. వెనక సగం నలుపు, సగం తెలుపు పెట్టి గ్లాసుని ఆ గీత మీద నిలబెట్టడం మూడో దారి. ఒకే అంచు ఒక పక్క నల్లగా, మరో పక్క తెల్లగా మారుతుంది. పరీక్షకి తయారయ్యేవాళ్లు ఇది తప్పకుండా ఒకసారి చెయ్యాలి.

పువ్వుల లుంగీ, చారల దుప్పటి వెనక పెట్టడం అందమే గానీ నీళ్లు పోసిన గ్లాసులో దాని లెక్క తెలియాలి. నీళ్ల గ్లాసు నిలువు భూతద్దం. 7 సెంటీమీటర్ల అడ్డకొలత ఉన్న గ్లాసుకి వెనక గోడ నుంచి సుమారు మూడున్నర సెంటీమీటర్ల లోపల ఉన్నవి పెద్దవై కనబడతాయి. అంతకంటే బాగా దూరంగా ఉన్నవి కుడి ఎడమలు తారుమారై కనబడతాయి. వెనక పెన్సిల్ నిలబెట్టి మెల్లగా దూరం జరిపి చూడండి, మొదట లావవుతుంది, మసకగా సాగుతుంది, ఆ తరవాత మీరు ఎడమకి జరిపితే అది కుడికి పోతుంది. ఏటవాలు చారలున్న దుప్పటి అయితే నీళ్లలో చారల వాలు తిరగబడుతుంది, నీటిమట్టం పైన మాత్రం మామూలుగానే ఉంటుంది. చూడకుండా అలవాటుగా గీసేవాళ్లు దొరికిపోయేది ఇక్కడే.

గ్లాసులో ఫ్రిజ్ నీళ్లు పొయ్యకండి. మన వైపు గాలిలో తేమకి రెండు నిమిషాల్లో బయట చెమటలు పడతాయి, పారదర్శకత పోతుంది. బిందెలో నీళ్లు చాలు. కాసేపటికి లోపల అంటుకునే గాలి బుడగల్ని చెంచాతో కదిపి వదిలించండి.

లోహానికి గుడ్డ ఎంపిక వేరు. చెంబు పొట్ట కింది సగంలో కనబడేది బల్ల మీది గుడ్డే. తెల్ల గుడ్డ అయితే కింది సగం వెలుగుతుంది, నల్ల గుడ్డ అయితే మునిగిపోతుంది. ముదురు నీలం, ముదురు ఎరుపు లాంటి ఒకే రంగు నూలు గుడ్డ మధ్యేమార్గం. పట్టు గుడ్డ వద్దు, దాని మెరుపు చెంబు మెరుపుతో పోటీ పడుతుంది. చెంబుకి కుడి పక్కన ఒక తెల్ల అట్ట ముక్క నిలబెట్టి చూడండి, చీకటి వైపు అంచులో సన్నటి బూడిద వెలుగు లేస్తుంది, చెంబు గుండ్రదనం ఒక్కసారిగా తెలుస్తుంది. ఆ అట్టని జరుపుతూ మెరుపుని ఎక్కడ కావాలంటే అక్కడికి తెచ్చుకోవచ్చు.

ఇత్తడి చెంబు, దగ్గర నుంచి

పొట్ట మీద ఉన్న ఛాయలకి ఒక తర్కం ఉంది. పొట్ట పైభాగం పైకి చూస్తుంది, అందులో కప్పు, కిటికీ పైభాగం. కింది భాగం కిందికి చూస్తుంది, అందులో బల్ల. సరిగ్గా మధ్యలో మీవైపు చూసే చోట ఒక చిన్న నల్లటి ఆకారం ఉంటుంది, అది మీరే, చేతిలో అట్టతో. డచ్ చిత్రకారుడు ఎషర్ 1935లో గీసిన అద్దపు గోళం లిథోగ్రాఫ్‌లో (రాతి అచ్చు చిత్రం) మధ్యన ఆయన ముఖమే ఉండటానికి కారణం ఇదే. ఫ్లెమిష్ చిత్రకారిణి క్లారా పీటర్స్ 1612 నాటి స్టిల్ లైఫ్‌లో బంగారు పూత గిన్నె బొడిపెల్లో తన రూపాన్ని మళ్లీమళ్లీ వేసింది కూడా ఇలాగే. మీకు ఆ ఆకారం అక్కర్లేకపోతే ముదురు రంగు చొక్కా తీసి లేత రంగుది వేసుకోండి, మచ్చ సగం తగ్గుతుంది.

మెడ దగ్గర వరుస తారుమారవుతుంది. మెడ లోపలికి వంగి ఉంటుంది కదా, దాని పైభాగం, అంటే మూతి అంచు కింద, నేలవైపు చూస్తుంది. కింది భాగం, భుజం కలిసేచోట, కప్పువైపు చూస్తుంది. అందుకే పొట్ట మీద పైన వెలుగు, కింద చీకటి ఉంటే మెడ మీద పైన చీకటి, కింద వెలుగు. పొట్టకి వేసిన ఛాయల వరుసనే మెడకీ వేసిన బొమ్మల్లో చెంబు గొట్టంలా కనబడుతుంది.

గీసే వరుస ఇది. ముందు నిలువు నడిగీత, దాని మీద మూతి, మెడ, పొట్ట, అడుగు ఎలిప్స్‌లు (ఏటవాలుగా చూస్తే నొక్కుకుపోయినట్టు కనబడే గుండ్రాలు). కంటికి ఎంత కిందికి ఉంటే ఎలిప్స్ అంత గుండ్రం. కాబట్టి అడుగు ఎలిప్స్ మూతి కంటే తెరుచుకుని ఉండాలి, రెండు చివర్లా మొనలు తేలకూడదు. తరవాత మెరుపుల సరిహద్దుల్ని హెచ్‌బీతో సన్నగా, ఊరి పటంలో చెరువుల గట్లు గీసినట్టు గీతలుగా వెయ్యండి, షేడింగ్ వద్దు. కళ్లు సగం మూసి చూసి, అన్నిటికంటే చీకటి చోటు ఏదో తేల్చి ముందు దాన్ని పూర్తిగా నింపండి. సాధారణంగా అది మెరుపుకి ఆనుకునే ఉంటుంది. ఇత్తడిలో తెల్ల గుడ్డ ప్రతిబింబం కూడా పూర్తి తెలుపు కాదు, పసుపు లోహం వెలుగులో నీలం భాగాన్ని తినేస్తుంది కాబట్టి పెన్సిల్‌లో అది ఒక మెట్టు దిగుతుంది. కాగితం తెలుపు కిటికీ మెరుపుకి మాత్రమే. చివరిగా అడుగు గుడ్డకి తగిలే చోట ఒక సన్నటి నల్లగీత. అది లేకపోతే చెంబు గాలిలో తేలుతుంది.

గుడ్డ మీద నీడ కూడా ఒట్టి నలుపు కాదు. చెంబు మెరుపు గుడ్డ మీద వంకర వెలుగు చారగా పడుతుంది. నీళ్ల గ్లాసు నీడ మధ్యలో అయితే, వెలుగు కుదించుకుపోయి, చుట్టుపక్కల గుడ్డ కంటే తెల్లటి గీతే ఉంటుంది.

ఎదురుగా పెట్టుకునా, ఫోన్ ఫొటో చూసా?

మెరుపు వస్తువు మీద అతికించింది కాదు, మీ కన్ను కదిలితే అదీ కదులుతుంది. రెండు మూడు సెంటీమీటర్లు తల జరిగితే గ్లాసు అడుగులోని ఛాయలన్నీ మారతాయి. అందుకే ఎదురుగా పెట్టుకుని గీసేటప్పుడు కుర్చీ కాళ్ల చోటు సుద్దతో గుర్తు పెట్టుకోవాలి. సరిహద్దులు గీసేటప్పుడు ఒక కన్ను మూసుకోవాలి. వస్తువు ఎత్తుకి మూడు నాలుగు రెట్ల దూరంలో కూర్చుంటే చాలు.

ఫొటోతో ఈ బాధ లేదు, కొత్త బాధలున్నాయి. ఫోన్ దగ్గర పెట్టి తీస్తే మూతి ఎలిప్స్ ఉబ్బుతుంది. ఫోన్ దానంతటది చీకట్లని లేపి, మెరుపులో వివరమంతా తినేస్తుంది. చెంబు మధ్యలో మీతోపాటు ఫోన్ కూడా కూర్చుంటుంది. మా మొగ్గు ఇటు: సరిహద్దులూ ఛాయలూ ఎదురుగా చూసే గీయండి, ఫొటో గుర్తుకోసం ఉంచుకోండి. ఫొటోయే గతి అయితే ఆరడుగుల దూరం నుంచి 2 రెట్లు జూమ్ పెట్టి, హెచ్‌డీఆర్ (వెలుగు చీకట్లని ఫోనే సర్దే సెట్టింగు) ఆపి, మెరుపు మీద వేలు నొక్కి ఒకటి, చీకటి మీద నొక్కి ఒకటి తీసి, రెండూ పక్కపక్కన పెట్టుకోండి. పరీక్షలో వస్తువు ఎదురుగానే ఉంటుంది, ఫొటో అలవాటు అక్కడ అక్కరకి రాదు.

కాగితం

రాయగడ జేకే కాగితం మిల్లు ఉన్న ప్రాంతం కాబట్టి జిరాక్సు కాగితానికి కొదవ లేదు. 70, 75 జీఎస్ఎం (చదరపు మీటరుకి అన్ని గ్రాముల బరువు) కాపీయర్ కాగితం అగ్గిపెట్టె సైజులో చిన్న నమూనాలు వేసి వెలుగు చీకట్లు సరిచూసుకోవడానికి బ్రహ్మాండం. అసలు బొమ్మకి వద్దు. నునుపు ఎక్కువ, రెండు మూడు పొరల తరవాత పెన్సిల్ జారుతుంది, రబ్బరు గట్టిగా రాస్తే పొర లేస్తుంది.

గ్రాఫైట్‌తో, అంటే మామూలు పెన్సిల్‌తో, గాజు గీయడానికి 150 నుంచి 200 జీఎస్ఎం, కాస్త నునుపున్న తెల్ల కార్ట్రిడ్జ్ (డ్రాయింగ్) కాగితం. గరుకు కాగితంలో గాజు అంచు పళ్లు పళ్లుగా వస్తుంది. చార్‌కోల్‌కి దానికి వ్యతిరేకంగా గరుకే కావాలి, పొడి నిలబడేది ఆ గుంటల్లోనే. నీటిరంగుల కాగితం మరీ గరుకు, దాని వెనకవైపు వాడుకోవచ్చు.

బూడిదరంగు కాగితానికే మా ఓటు, లోహమైనా గాజైనా. మధ్య ఛాయ కాగితమే ఇచ్చేస్తుంది. మీరు చీకటి ఒకటి, మెరుపు ఒకటి వేస్తే చాలు, బొమ్మ సగం టైములో తేలుతుంది. తెల్ల కాగితం మీద కాగితం తెలుపు కంటే తెల్లగా ఏదీ రాదు కాబట్టి మెరుపు మెరవాలంటే చుట్టూ ఉన్నదంతా ముదురు చెయ్యాలి, అంత ధైర్యం చాలామంది చెయ్యరు. ప్రవేశ పరీక్షలో తెల్ల కాగితమే ఇస్తారనుకుంటే మాత్రం మూడొంతుల సాధన తెల్ల కాగితం మీదే చెయ్యండి. బూడిదరంగు కాగితం దొరక్కపోతే పుస్తకాలకి అట్టలేసే ఖాకీ కాగితం గరుకు వైపు పనిచేస్తుంది. నాలుగేళ్లకి పెళుసెక్కిపోతుంది, సాధనకి ఏం ఫర్వాలేదు.

గ్రాఫైటా, చార్‌కోలా

గాజుకి గ్రాఫైట్, లోహానికి చార్‌కోల్. గాజులో ఛాయలు లేతవి, అంచులు పదునైనవి, చెక్కిన పెన్సిల్ మొన కావాలి. హెచ్‌బీ, 2బీ, 4బీ మూడు చాలు. లోహంలో నిజమైన నలుపు కావాలి, గ్రాఫైట్ అది ఇవ్వదు. 8బీని ఎంత నొక్కితే అది అంత మెరుస్తుంది, పక్కనుంచి చూస్తే మీ నలుపు కాస్తా వెండిపూతలా కనబడుతుంది. చెంబు నీడ చెంబు కంటే ఎక్కువ మెరిసే బొమ్మలు ఇలాగే తయారవుతాయి. చార్‌కోల్‌కి ఆ మెరుపు లేదు. మెరవని గ్రాఫైట్లు కూడా ఉన్నాయి, ఫేబర్ క్యాస్టెల్ పిట్ మ్యాట్, స్టెడ్లర్ లూమోగ్రాఫ్ బ్లాక్ లాంటివి. ధర ఎక్కువ, ఇక్కడి స్టేషనరీ దుకాణాల్లో కంటే ఆన్‌లైన్‌లోనే దొరుకుతాయి. చెమట చేతులతో చార్‌కోల్ పడనివాళ్లు వాటిలో ఒక్క ముదురు పెన్సిల్ కొనుక్కుంటే చాలు.

రెండూ కలిపి వాడేటప్పుడు వరుస ముఖ్యం. గ్రాఫైట్ నిండిన చోట చార్‌కోల్ అంటదు, జారిపోతుంది. బాగా నల్లగా రావాల్సిన చోటుని మొదటినుంచీ గ్రాఫైట్ తగలకుండా వదిలి, అక్కడ నేరుగా చార్‌కోల్ వెయ్యాలి. వేలితో రుద్దడం మానండి, చర్మం జిడ్డు కాగితంలోకి దిగితే అక్కడ ఇంక రబ్బరు పనిచెయ్యదు. ఛాయ రుద్దడానికి కాగితం చుట్టి చేసిన పుల్లని (స్టంప్) గుడ్డకీ నేపథ్యానికీ వాడుకోండి, లోహం మీద వాడకండి.

మెరుపు ఎలా పెట్టాలి

మూడు దారులు. వదలడం, ఎత్తడం, వెయ్యడం.

వదలడం అంటే మొదటి గీతలోనే మెరుపు ఆకారం గుర్తు పెట్టి, ఆ చోటుకి పెన్సిల్ తగలనివ్వకపోవడం. తెల్ల కాగితం మీద అన్నిటికంటే శుభ్రమైన మెరుపు ఇదే. ఎత్తడం అంటే ఛాయ వేసి, ముద్దలా పిసికే పుట్టీ రబ్బరుతో లాగడం. మొన చేసి నొక్కి ఎత్తాలి, రుద్దకూడదు. సత్తు గిన్నె మీది మెత్తటి మెరుపుకి ఇది సరిగ్గా సరిపోతుంది. స్టీలు మీది కత్తి అంచు మెరుపుకి సరిపోదు, ఎత్తిన చోటు ఎప్పుడూ కొద్దిగా బూడిదగానే మిగులుతుంది. టాంబో మోనో జీరో లాంటి 2.3 మిల్లీమీటర్ల పెన్ రబ్బరు అయితే గ్లాసు మూతి మీద సన్నటి గీత లాగొచ్చు.

వెయ్యడంలో తెల్ల చార్‌కోల్ పెన్సిల్, తెల్ల జెల్ పెన్ను, తెల్ల పోస్టర్ కలర్ ఉన్నాయి. తెల్ల పెన్సిల్ బూడిదరంగు కాగితం మీద నేరుగా వేస్తేనే తెలుపు. గ్రాఫైట్ మీద వేస్తే పాలల్లో సిరా కలిసిన నీలిబూడిద వస్తుంది. కాబట్టి తెలుపుకీ నలుపుకీ మధ్య కాగితం ఒక పోచంత ఖాళీ వదలండి. జెల్ పెన్ను చుక్కలకి బాగుంటుంది, చార్‌కోల్ పొడిమీద గీస్తే మొన మూసుకుపోతుంది. పదునైన చిన్న మెరుపుకి మా ఎంపిక పోస్టర్ కలరే. నీళ్లు దాదాపు లేకుండా, సున్నా నంబరు బ్రష్‌తో, ఒకే దెబ్బ. మొత్తం బొమ్మలో పూర్తి తెలుపు రెండు మూడు చోట్లకి మించనివ్వకండి. గ్లాసు చుట్టూ తెల్ల అంచు కట్టేస్తే అది ప్లాస్టిక్‌లా ఉంటుంది. మూతి మీద కూడా తెల్లగీత అంతా ఒకే మందంలో ఉండకూడదు, వెలుగువైపు లావై, పక్కకి తెగిపోయి, అవతల ఒక చుక్కగా మళ్లీ తేలాలి.

రంగుల్లో అయితే ఒక్కటి గుర్తుంచుకుంటే చాలు. గాజు మీది మెరుపు వెలుగు రంగులో ఉంటుంది, ఇత్తడి, రాగి మీది మెరుపు లోహం రంగు పులుముకుని ఉంటుంది. ఇత్తడి చీకట్లకి నలుపు కలిపితే ఆకుపచ్చకి తిరుగుతుంది, బర్న్ట్ అంబర్‌తో (ముదురు గోధుమరంగు) ముదురు నీలం కలపండి.

స్ప్రే, తేమ, ఫొటో

ఫిక్సేటివ్ (పొడి రాలకుండా పట్టి ఉంచే స్ప్రే) కొట్టాలా వద్దా అన్నది బొమ్మని బట్టి. చార్‌కోల్‌కి కావాలి, గ్రాఫైట్‌కి పైన బటర్ పేపరు కప్పి పెట్టినా సరిపోతుంది. స్ప్రే తెల్ల సుద్ద మెరుపుల్ని మింగేస్తుంది, కాబట్టి ముందు స్ప్రే, ఆరాక చివరి తెలుపు. అడుగు దూరం నుంచి, ఆరుబయట, పలచగా రెండు మూడుసార్లు. ఒక్కసారే తడిసేలా కొడితే చార్‌కోల్ చుక్కలుగా పేరుకుంటుంది. హెయిర్ స్ప్రే చవకే గానీ కాలక్రమంలో పచ్చబడుతుంది, సాధన కాగితాలకి మాత్రమే. వానాకాలం కోరాపుట్, రాయగడ వైపు మంచు ముసిరిన రోజుల్లో స్ప్రే ఆరదు, కాగితం కూడా తేమ పీల్చి మెత్తబడుతుంది. ఆ రోజుల్లో కాగితాల్ని ప్లాస్టిక్ కవర్లో సిలికా జెల్ పొట్లాలతో ఉంచి, గీసే ముందు మాత్రమే తియ్యండి. మణికట్టు కింద ఎప్పుడూ ఒక ఖాళీ కాగితం ఉండాలి.

ప్రవేశాలకి ఫొటో పంపాల్సివస్తే గ్రాఫైట్ బొమ్మని ఎదురు వెలుగులో తియ్యకండి, నలుపంతా తెల్లగా మెరుస్తుంది. కిటికీకి పక్కగా గోడకి నిలబెట్టి, వెలుగు పక్కనుంచి పడేలా, ఫ్లాష్ లేకుండా తియ్యండి. చార్‌కోల్ బొమ్మని ఏ వెలుగులో తీసినా పెద్ద తేడా రాదు, స్కానర్ గాజుకి మాత్రం నొక్కకండి, పొడి అంటుకుంటుంది.